అదే కొలత

1961 జూన్ 18, ఆదివారం

అబ్బులూ,

ఇది నీ నోటుబుక్కే. ముందు కాగితాల్లో నీ హైస్కూలు భూగోళం పాఠాలున్నాయి. వాటిని ముట్టుకోకుండా వెనకనుంచి మొదలుపెట్టాను. బోర్డు స్కూల్లో నాలుగో తరగతి చదివినదాన్ని, తప్పులుంటే నవ్వుకో. నువ్వు తప్ప ఎవరూ చదవరు.

పొద్దున్నే రాగి సకిలించింది. మామూలు సకిలింపు కాదు. నువ్వు ఉలవల తొట్టి పట్టుకుని దొడ్డి తలుపు తీసేసరికి, ముందు గొంతులో గుడగుడమని, తర్వాత మెడ ఎత్తి పెద్దగా సకిలించేదే, అది. నువ్వు పోయిన పది నెలల్లో ఆ గుర్రం ఒక్కసారి కూడా అలా సకిలించలేదు. పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తాను.

తొట్టి పట్టుకుని ఉన్నది ప్రసాదు. బ్రహ్మయ్య చిన్నాన్న కొడుకు నీకు తమ్ముడే, కాదనను. కానీ ఆ సకిలింపు వాడికా.

మీ పిన్ని రత్తమ్మ నడిమి గోడ మీదినుంచి తొంగి చూసింది. "పాలు పొంగుతున్నాయేమో చూసుకో అక్కా. రాగి మావాడికి అలవాటైందిలే, నువ్వు కంగారుపడకు" అంది.

మావాడు అంది.

"మంచిదే రత్తమ్మా" అన్నాను. లోపలికి వెళ్ళేసరికి పాలన్నీ పొయ్యిలో ఉన్నాయి.

నాకేం కుళ్ళు లేదు. రాసి పెడుతున్నాను, నాకేం కుళ్ళు లేదు.

జూన్ 20, మంగళవారం

ఇవాళ కూడా సకిలించింది.

జూన్ 24, శనివారం

మధ్యాహ్నం భోజనం దగ్గర మీ నాన్న చెప్పారు. ఇకనుంచి మునేరు అవతలి చేలకు ప్రసాదు రాగి మీద వెళ్ళొస్తాడట. పాలేరుకు దుక్కులతోనే సరిపోతోంది కనుక కొట్టం ఊడవడం, లద్దె ఎత్తడం, గుర్రానికి మాలీసు చెయ్యడం, అన్నీ ప్రసాదే చూసుకుంటాడట.

"వాడికి బూట్లు చేయించాలి" అన్నారు. "స్వారీకీ పనికి రావాలి, కొట్టంలోకీ పనికి రావాలి. రెండిటికీ ఒకటే జత. గడప దగ్గర విప్పడం, తొడుక్కోవడం ఉండకూడదు."

చివరి మాట అనేటప్పుడు నా వంక చూడలేదు. కంచం వంకే చూశారు.

నువ్వు రెండేళ్ళు అడిగావు బూట్ల కోసం. రెండేళ్ళూ "చూద్దాంలే" అన్నారు. నేను అన్నం మానేసి పడుకుంటే అప్పుడు చేయించారు. వీడు గుర్రమెక్కి పది రోజులు కాలేదు.

సాయంత్రం రత్తమ్మ వచ్చి కూచుంది. "జగ్గయ్యపేట నువ్వే వెళ్ళాలక్కా. గుర్రపు బూట్ల సంగతి నాకేం తెలుసు. నేనెళితే పోలీసోళ్ళ బూట్లు కట్టబెడతారు."

"మీ ఆయన్ని పంపు."

"ఆయన చెప్పులే ఆయనకు కొనుక్కోవడం రాదు. ఒకసారి రెండూ ఎడమకాలివే తెచ్చుకున్నాడు, గుర్తులేదూ. నెలరోజులు అలాగే తిరిగాడు, ఊళ్ళో పక్షవాతం వచ్చిందేమోనని పరామర్శకొచ్చారు."

నవ్వొచ్చింది. నవ్వాను. నవ్వినందుకు తర్వాత ఒళ్ళు మండింది. కావాలనే అడిగింది. నా కొడుక్కి బూట్లు చేయించిన చేత్తోనే తన కొడుక్కీ చేయించాలని.

జూన్ 26, సోమవారం

ప్రసాదును అరుగు మీద కూచోబెట్టి, పాత క్యాలెండరు కాగితం తిరగేసి కాలు పెట్టమన్నాను. పెన్సిలు పాదం చుట్టూ తిప్పుతుంటే మెలికలు తిరిగాడు.

"కదలకురా, గీత వంకరపోతోంది."

"చక్కిలిగింత పెద్దమ్మా."

"పంతొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంకా చక్కిలిగింతేంటి."

"నాకొచ్చాయిగానీ, కాలికి తెలుస్తుందా ఏంటి."

అది పాదం కాదు, పీట. నీ పాదం నాది, చిన్నది, మడమ దగ్గర సన్నం. వాడిది నీకన్నా వేలి మందాన పొడుగు, బొటనవేలికన్నా పక్కవేలు పెద్దది. గియ్యడానికి చీలమండ పట్టుకోవాల్సి వచ్చింది.

వెచ్చగా ఉంది.

ఇవాళ్టికి ఇంకేం రాయను.

జూన్ 29, గురువారం

నందిగామ దాకా బండి, అక్కడనుంచి బస్సు. జగ్గయ్యపేటలో దిగి ఆరోగ్యమ్మ ఇంటికి నడిచాను. నీ బూట్లు కుట్టింది ఆమె భర్తే కదా, ఆయన మొన్న చలికాలంలో పోయాడట. ఇప్పుడు తోలు కుట్టే ఆరె, కత్తి, కొయ్య అచ్చులు అన్నీ ఆమె చేతిలోవే. నాకు పీట వేసి, తను తోలుముక్క మీద కూచుంది.

"గుర్రం మీదికా అమ్మగారూ, గుర్రం కింద పనికా?"

"రెండిటికీ ఒకటే జత."

ఆమె నవ్వింది. "ఆ రెండిటికీ పడదమ్మా. జీనుకి వేలాడే రికాబులో పెట్టే బూటుకి అడుగు అట్ట నున్నగా ఉండాల. పడితే కాలు చప్పున జారి బయటికి రావాల, రాకపోతే గుర్రం ఈడ్చుకుపోద్ది. అదే నున్నటి అట్టతో కొట్టంలో గుర్రం ఉచ్చ మీద అడుగేస్తే నడుం విరుగుద్ది."

"మరి టైరు అట్ట వేస్తే?"

"కొట్టంలో బాగుంటది. రికాబులో పట్టేసుకుంటది." తోలు మీద గోరుతో పాదం గీసి ఆలోచించింది. "మధ్యలో, రికాబు ఆనేకాడ నున్నటి తోలు ఉంచుతా. వేళ్ళ కొస కింద, మడమ కింద మాత్రం టైరుముక్క వేస్తా. మడమ వేలున్నర ఎత్తు, లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి దూరిపోద్ది. తాళ్ళు వద్దు, చిక్కుకుంటాయి. పక్కన బకిలు పెడతా. వేళ్ళ మీద తోలు రెండు పొరలు, గుర్రం తొక్కినా ఆగాలిగా. దారానికి మైనం బాగా పట్టించాల, ఉచ్చకి ముందు కుళ్ళేది కుట్లే."

ఆమె చెబుతుంటే నాకు అర్థమైంది, నీ బూట్లు ఎంత అందంగా ఉన్నా అవి సగం బూట్లే. స్వారీ బూట్లు. పలచటి అట్ట.

"మేకు దిగకూడదు" అన్నాను.

"ఎంత మేకు?"

"ఎంత మేకైనా."

ఆమె నా మొహంలోకి చూసింది. "రెండు అట్టల మధ్యన కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి పెడతా. కాస్త బరువొస్తది."

"రానీ."

అప్పుడు లోపలికి వెళ్ళి రేకుపెట్టె తెచ్చింది. "మాయన పోయినా కొలత కాగితాలన్నీ ఉంచానమ్మా" అంటూ వెతికి ఒకటి తీసి నా ముందు పెట్టింది. నీలం పెన్సిలుతో పాదం గీత. పక్కన జగన్నాథరావు అని నీ చేతిరాత. ఆ థ కింద ఒత్తు నువ్వెప్పుడూ పక్కకు లాగేవాడివి.

"చినబాబుగారి కాలు ఏమన్నా పెరిగిందా అమ్మగారూ? రెండేళ్ళయింది కదా."

ఆమెకు తెలియదు అబ్బులూ. ఎవరూ చెప్పలేదు.

"లేదు" అన్నాను. "అదే కొలత."

"బాగున్నారా బాబుగారు?"

"బాగున్నాడు" అన్నాను.

ఆ మాట అనడం ఎంత బాగుందో నీకు ఎలా చెప్పను. అన్నాక లేవబుద్ధి కాలేదు. ఇంకో గంట కూచున్నాను. ఆ గంటసేపూ నువ్వు ఇంట్లో ఉన్నావు, నీకు బూట్లు కుట్టించడానికి నేనొచ్చాను. ప్రసాదు పాదం గీసిన కాగితం నా రొండిన మడతపెట్టి ఉంది. తియ్యలేదు.

ఆ గంటలోనే ఆమె చెప్పింది. నువ్వు జీను పట్టీలు కుట్టించడానికి వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో తిని వెళ్ళేవాడివట. "మీకు చెప్పొద్దనేవారు. ఇప్పుడు చెప్పినా ఏమనుకోరులే" అంది.

"ఏం తినేవాడు?"

"బొమ్మిడాయిల పులుసు. మూడుసార్లు వడ్డించుకునేవారు. వేళ్ళు కూడా నాకేవారు."

మన వంటింట్లోకి చేప రానివ్వనని తెలుసు కదా నీకు. మా అత్తగారి నాటినుంచీ రాలేదు. నా దగ్గర నాలుగు ముద్దలకు లేచిపోయేవాడివి. నీ తిండి అంతేననుకున్నాను ఇన్నేళ్ళూ.

బస్సులో వస్తూ ఆ పులుసు మీద ఏడ్చాను. ఇది కుళ్ళే. ఇదొక్కటీ ఒప్పుకుంటాను.

జూలై 3, సోమవారం

మాట జారింది, అంతే. తేడా ఎంతని, వేలి మందం. తోలు సాగుతుంది. తోలు సాగుతుందని అందరూ అంటారు.

జూలై 14, శుక్రవారం

బూట్లు తెచ్చాను. బాబుగారిని ఒకసారి పంపితే తొడిగి చూసేదాన్ని కదా అంది ఆరోగ్యమ్మ. పనుల్లో ఉన్నాడన్నాను.

బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. నందిగామ దాకా ఒక చెయ్యి బూటులోనే ఉంది. పక్క సీటులో కంచికచర్ల వెళ్ళే ముసలామె "అబ్బాయికా?" అంది. అవునన్నాను.

జూలై 15, శనివారం

పొద్దున దొడ్లో ప్రసాదు బూట్లు తొడుక్కున్నాడు. ఎడమది ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు. మెడ నరాలు లేచాయి. నేను చూశాను.

"ఎట్టున్నాయిరా?" అన్నారు మీ నాన్న.

"సరిపోయినయి పెదనాన్నా" అన్నాడు.

మీ నాన్న ఒక కాలు ఎత్తించి, మడమ కొలిచి, రికాబులో పెట్టించి, రెండు పక్కలా వేలు దూర్చి చూశారు. "మంచి పని చేసింది ఆరోగ్యం" అన్నారు. రత్తమ్మ దిష్టి తీస్తానంది. "బూట్లకా, వాడికా?" అన్నాడు బ్రహ్మయ్య చిన్నాన్న. "రెండూ నావేగా, కలిపి తీస్తా" అంది.

ప్రసాదు కొట్టం గడప దాకా వెళ్ళి ఆగాడు. నేను రాసిన పసుపు ఇంకా తడిగా ఉంది. వెనక్కి తిరిగి నా వంక చూశాడు.

"వేసుకునే పోవచ్చా పెద్దమ్మా?"

ఈ పదకొండు నెలల్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నీకు తెలిసిందే, అయినా రాస్తాను. ఇంతవరకూ రాయలేదు కనుక. ఆ కొట్టంలో ఒక పక్క ఆవులు, ఒక పక్క రాగి, నడిమి గూట్లో దీపం. తోలు తొడుక్కున్న కాలు ఆ గడప దాటనివ్వకు, లక్ష్మి ఉండేచోటు అని మా అత్తగారు నాకు అప్పజెప్పింది. నువ్వు కొత్త బూట్లతో స్వారీ చేసొచ్చి అలాగే లోపలికి పోబోతే నేను చీపురు అడ్డంపెట్టాను. "పిక్కల దాకా ఉన్నాయమ్మా, రోజుకు పదిసార్లు విప్పి తొడుక్కోవాలా" అన్నావు. విప్పు అన్నాను. ఏడాదిపాటు విప్పావు. ఆ రోజూ విప్పావు. లాడం ఊడింది, మేకు గడ్డిలో ఉంది, నీ ఉత్తకాలిలో దిగింది.

ఇన్నాళ్ళూ లాడం సరిగా కొట్టలేదని కమ్మరిని తిట్టాను. రాగిని తిట్టాను.

"వేసుకుపో" అన్నాను ప్రసాదుతో.

ఒక్క మాట. నీతో అనలేని నోరే అంది. పసుపు గడప మీద బూటు ముద్ర పడింది. ఏమీ కాలేదు. ఆవులు నెమరువేస్తూనే ఉన్నాయి. దీపం వెలుగుతూనే ఉంది.

నీకు దక్కనిది వాడికి దక్కింది. నా చేతులమీదుగా దక్కింది. ఇరుగ్గా ఉంటే ఉండనీ అనుకున్నాను. అంత మాత్రం ఉండనీ.

జూలై 19, బుధవారం

ప్రసాదు కుంటుతున్నాడు. కొత్త తోలు కదా అంటోంది రత్తమ్మ.

నేనూ అదే అన్నాను.

జూలై 22, శనివారం

వాన. మునేరు నిండుగా పోతోంది. కొట్టమంతా చిత్తడి. ప్రసాదు అన్నానికి ఆలస్యంగా వస్తున్నాడు. అడగలేదు.

జూలై 27, గురువారం

గూట్లో దీపం పెట్టడానికి పొద్దున్నే వెళ్ళాను. గడప బయట బూట్లు ఉన్నాయి. పక్కపక్కన, మడమలు గోడకు ఆనించి, నువ్వు పెట్టినట్టే. నీ కొలత బూట్లు. ఒక్క క్షణం నువ్వు లోపల ఉన్నావనుకున్నాను.

లోపల ప్రసాదు పారతో లద్దె ఎత్తుతున్నాడు. ఉత్తకాళ్ళు. రెండు మడమలకూ గుడ్డపీలికలు చుట్టుకున్నాడు, అవి తడిసి లద్దె అంటుకుని ఉన్నాయి. ఎడమకాలి పీలిక జారిపోయింది. రూపాయి బిళ్ళంత పుండు, ఎర్రగా.

నా చేతిలో ప్రమిద కిందపడింది.

"పెదనాన్నకి చెప్పకు పెద్దమ్మా. ఎండలొస్తే తోలు సాగుతుంది" అన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"వారం. స్వారీకి ఎట్టాగో ఓర్చుకుంటున్నా. ఈ పని వంగి లేవాలి కదా, వేళ్ళు విరిగిపోతున్నయి."

"నాకెందుకు చెప్పలేదురా?"

పార గోడకు ఆనించాడు. రాగి మెడ నిమిరాడు, నా వంక చూడకుండా. "అన్నయ్య కొలత కదా పెద్దమ్మా అవి. నా కాలు నువ్వు గీసినప్పుడు నేను చూడలేదా. తొడుక్కోగానే తెలిసింది."

"తెలిసి?"

"నువ్వు తెచ్చావుగా."

అక్కడే కూచుండిపోయాను. ఆ రోజు నువ్వు కూచున్నచోటే, రాగి ఎడమపక్క గుంజ దగ్గర. గడ్డి మొత్తం చేత్తో వెతికాను. మూల మూలా వెతికాను. మేకు ఏదీ దొరకలేదు. అయినా వెతికాను. వాడు "లే పెద్దమ్మా, లే" అంటూనే ఉన్నాడు.

జూలై 28, శుక్రవారం

నిన్ననే బండి కట్టించి నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ధనుర్వాతం రాకుండా సూది వేశారు. పుండ్లు కడిగి మందు పెట్టారు. దవడలు బిగుసుకుంటాయేమో పది రోజులు కనిపెట్టుకుని ఉండమన్నాడు డాక్టరు. వారం రోజులు ఆ పుండుతో లద్దెలో తిరిగాడని చెబితే పళ్ళు కొరికాడు.

నీకు మేము సూది వేయించలేదు. పసుపు, సున్నం పెట్టి కట్టుకట్టాను.

ఇంటికొచ్చాక రత్తమ్మకు చెప్పాను. ప్రసాదు కాగితం రొండిలోంచి తియ్యలేదని, అదే కొలత అన్నానని. తిడుతుందనుకున్నాను. చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

"నాకు తెలుసక్కా" అంది. "కన్నదాన్ని, వాడి కాళ్ళు నాకు తెలియవా. వాడే వద్దన్నాడు. పెద్దమ్మ ఏడుస్తుంది, ఊరుకోమన్నాడు. ఊరుకున్నా. నీ కొడుకు పోయినందుకు ఏడాదిగా అన్నిటికీ ఊరుకున్నా. నవ్వాలన్నా గోడ చాటుకు పోయి నవ్వుతున్నా, నీకు వినబడుతుందని."

"వినబడుతూనే ఉంది" అన్నాను.

"వినబడనీ ఇక. వాడికి ఏమన్నా అయిందా, ఈ గోడ ఉండదు, నేనుండను, నువ్వుండవు." చేట కింద పెట్టింది. "రేపు బస్సెక్కి వెళ్ళి నా కొడుకు కాలికి బూట్లు చెప్పిరా. నా కొడుకు కాలికి."

నన్ను మళ్ళీ పంపుతున్నది కొడుకు పోయినదాన్నన్న జాలితో కాదు. బూట్ల సంగతి నాకే తెలుసని.

జూలై 29, శనివారం

ప్రసాదు కాగితం ఆరోగ్యమ్మ ముందు పరిచాను. నిజం చెప్పాను. ఆమె ఆరె పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చింది. నేను ఏడవలేదు, చూస్తూ కూచున్నాను. నీకోసం నేను కాక ఇంకో మనిషి అలా ఏడుస్తుంటే, నాదేదో తీసుకుంటున్నట్టు అనిపించింది.

"ఆ పూట మీ మొహం చూసి అనుకున్నానమ్మా, మేకు మేకంటుందేంటీమె అని" అంది.

నీ కాగితం నాకిస్తానంది. ఉంచమన్నాను. పులుసు ఎలా పెడతావని అడిగాను.

జూలై 31, సోమవారం

ఐదో రోజు. ప్రసాదు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. నోరు బాగా తెరుచుకుంటోంది.

ఆగస్టు 2, బుధవారం

ఏడో రోజు. మూడు పూటలా వాడు తినేచోట కూచుంటున్నాను. "అట్టా నోట్లోకి చూడకు పెద్దమ్మా, పశువును కొనేవాడు పళ్ళు చూసినట్టుంది" అంటాడు. రత్తమ్మ నవ్వింది. గోడ చాటుకు వెళ్ళలేదు.

ఇంకోటి రాయాలి. రాయకపోతే అబద్ధమవుతుంది. మధ్యాహ్నం వాడికి పొలమారింది. దగ్గుతూ దవడ పట్టుకున్నాడు. రత్తమ్మ మొహం పాలిపోయింది. అది చూసి, ఇప్పుడు తెలుస్తుంది దీనికి, అనుకున్నాను. ఒక్క నిమిషమే. తర్వాత వాడు మంచినీళ్ళు తాగి మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు. నేను దొడ్లోకి వెళ్ళి గోడకు తల కొట్టుకున్నాను.

ఆగస్టు 4, శుక్రవారం

తొమ్మిదో రోజు.

నీకు తొమ్మిదో రోజే. ముద్ద పెదవుల దాకా తెచ్చుకుని ఆగిపోయావు. "నోరు తెరుచుకోవడం లేదమ్మా" అన్నావు. అన్నం దగ్గర వేషాలు వెయ్యకు, తిను, అన్నాను. నీతో నేను మామూలుగా అన్న ఆఖరి మాట అది.

ప్రసాదు రెండుసార్లు వడ్డించుకున్నాడు. గోంగూరలోకి ఉల్లిపాయ అడిగాడు. కొరికిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది.

ఆగస్టు 7, సోమవారం

పన్నెండో రోజు. డాక్టరు ఇక భయం లేదన్నాడు. రత్తమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను.

ఆగస్టు 13, ఆదివారం

కొత్త బూట్లు వచ్చాయి. ప్రసాదు పాదానికి కుదిరాయి. ఇసక మీద నడిస్తే టైరుముక్కల గుర్తులు, మధ్యలో నున్నగా. వాడు రాగినెక్కి మునేరు గట్టు దాకా పోయొచ్చి, దిగి, ఆగకుండా గడప దాటి లోపలికి పోయాడు.

పాత జత ఏం చెయ్యాలన్నారు మీ నాన్న. ఎవరికన్నా ఇచ్చేద్దామంది రత్తమ్మ.

ప్రసాదు నదికి వెళ్ళాక నేను తొడుక్కున్నాను.

చీర కాస్త ఎత్తి దోపుకున్నాను. చెప్పాను కదా, నీ పాదం నాది. సరిగ్గా సరిపోయాయి. ఉలవల తొట్టి ఎత్తుకుని లోపలికి వెళ్ళాను. బరువుగానే ఉన్నాయి. రేకు ఉందిగా.

రత్తమ్మ చూడనే చూసింది. "అక్కా, నువ్వు కూడా మునేరు అవతలికి పోతావా ఏంటి" అంది.

"పోతా. నీ కొడుకు నేర్పితే."

"నేర్పుతాడు. నువ్వు పడితే మాత్రం ఎత్తలేడు."

రాగి నన్ను చూసి సకిలించలేదు. ఉలవలు మాత్రం తిన్నది. వాడు తిరిగొచ్చినప్పుడు సకిలించింది. నాకు ఇప్పటికీ కుళ్ళే అబ్బులూ. అది పోలేదు. పోయిందని రాయను. రత్తమ్మకు కొడుకున్నాడు, నాకు లేడు. రోజూ ఆ పక్కనే దీపం పెట్టాలి, పెడతాను. బూట్లతోనే వెళ్ళి పెడతాను.

సెప్టెంబరు 3, ఆదివారం

గురువారం నీ ఏడాది తద్దినం పెట్టాం. బూట్లు అరుగు కింద వదిలి, తడిబట్టతో ప్రసాదే అన్నీ చేశాడు. గారెలు, పరమాన్నం, నీకు పెద్దగా ఇష్టం లేనివే అన్నీ. కాకి రావడానికి చాలాసేపు పట్టింది. పంతులుగారు మీ అబ్బాయికి ఇంకా ఏదో కోరిక ఉందమ్మా అన్నారు. నాకు తెలుసు అన్నాను.

ఇవాళ దొడ్లో రాళ్ళపొయ్యి పెట్టాను. మునేరులో పట్టిన బొమ్మిడాయిలు, కొత్త మట్టిదాక. ఆరోగ్యమ్మ చెప్పినట్టే, చింతపండు తక్కువ, మెంతిపొడి చివర్లో, గరిటె పెట్టకుండా దాక అటూ ఇటూ తిప్పడమే. మీ నాన్న వాసనకు బయటికొచ్చి నిలబడ్డారు. పీట వేసుకుని కూచున్నారు. ఉప్పు చాల్లేదంది రత్తమ్మ. చాల్లేదంటూనే మళ్ళీ వడ్డించుకుంది.

నీది ముందే తీసిపెట్టాను. విస్తట్లో అన్నం, దాని మీద పులుసు, మూడు ముక్కలు. కొట్టం గోడ మీద, రాగి ఉన్న పక్క పెట్టాను. ఎవరూ నీ నోట్లోకి చూడరు, ఎవరూ ఏమీ అనరు. ఇంకా దాకలో ఉంది.

కడుపునిండా తిను నాయనా.